పత్తి ధరల పట్టికలో కనిపించని నాణ్యత: మార్కెట్ నివేదన, కోతల నిర్ణయం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

పత్తి ధరలపై జరిగే అధ్యయనాలలో మార్కెట్ యార్డుల నుంచి వెలువడే కనిష్ఠ, గరిష్ఠ, బాహుళక ధరలను ప్రాథమిక దత్తాంశంగా స్వీకరించడం పరిపాటి. ఆ మూడు అంకెలు ఏ నాణ్యత గల పత్తికి వర్తిస్తాయో పట్టిక చెప్పదు. తేమ, పింజ పొడవు, దూది దిగుబడి వంటి గుణాలకు విధించే కోతలు ధరలోనే కలిసిపోయి, విడిగా నమోదు కాకుండా పోతున్నాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మార్కెట్లలో ధర పలికే తీరును, మద్దతు ధర కొనుగోళ్లలో కోతల లెక్కను ఈ వ్యాసం వివరిస్తుంది. నాణ్యతను విస్మరించి ధరల పట్టికను చదివితే నిర్ధారణలు ఎక్కడ తప్పుదారి పడతాయో చూపుతుంది.

కీలక పదాలు: పత్తి, బాహుళక ధర, జెండా పాట, మద్దతు ధర, తేమ కోత, పింజ పొడవు, తక్‌పట్టీ

1. ప్రవేశిక

పత్తి సీజన్‌లో ఖమ్మం, వరంగల్, ఆదోని మార్కెట్ల ధరలు మరునాటి పత్రికలలో వస్తాయి. క్వింటాలుకు గరిష్ఠం ఇంత, కనిష్ఠం ఇంత అని ఒకటి రెండు పంక్తులు. కేంద్ర ప్రభుత్వ మార్కెటింగ్, తనిఖీ డైరెక్టరేట్ నిర్వహించే అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో వీటికి మూడవ అంకె తోడవుతుంది. ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడయిందో అది తెలుపుతుంది. మన పత్రికలు దీనిని ‘మోడల్ ధర’ అని రాస్తుంటాయి. ఆ మాట వినగానే నమూనా ధర, ఆదర్శ ధర అనే అర్థం స్ఫురించే ప్రమాదం ఉంది. గణాంకశాస్త్ర పాఠ్యపుస్తకాలలో దీనికి ‘బాహుళకం’ అనే చక్కని పదం ఎప్పటినుంచో ఉంది. ఈ వ్యాసంలో ‘బాహుళక ధర’ అనే వ్యవహరిస్తాను. ఇది పదాల పట్టింపు మాత్రమే కాదు. సగటుకూ బాహుళకానికీ గల భేదం గమనించకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో ఐదవ భాగంలో తేలుతుంది.

పరిశోధకులు ఈ బాహుళక ధరను ఆ ఏటి మద్దతు ధర పక్కన పెట్టి, తేడాను రైతు నష్టంగా లెక్కగట్టడం తరచుగా కనబడే పద్ధతి. మద్దతు ధర నిర్దిష్టమైన పింజ పొడవు, మైక్రోనైర్, తేమ గల పత్తికి ప్రకటించినది. బాహుళక ధర ఆనాడు యార్డుకు వచ్చిన పత్తికి పలికినది. ఈ రెండింటి మధ్య తేడాలో నాణ్యత వాటా ఎంత, బేరసారాలలో రైతు బలహీనత వాటా ఎంత అన్నది విడదీయనంతవరకు ఆ లెక్క ఏమి కొలుస్తున్నదో చెప్పడం కష్టం.

2. యార్డులో ధర పలికే తీరు

ఖమ్మం మార్కెట్‌లో ‘జెండా పాట’ ప్రసిద్ధం. ఉదయం యార్డులోని మేలైన రాశి వద్ద ఖరీదుదారులు పోటీ పడి పాడతారు. అక్కడ నిలిచిన ధర ఆ పూటకు కొలబద్ద అవుతుంది. ఆ తరువాత ఖరీదుదారులు మిగిలిన రాశుల చుట్టూ తిరిగి ఒక్కొక్కదానికి జెండా పాట కంటే ఎంత తగ్గించాలో నిర్ణయిస్తారు. పిడికెడు పత్తి తీసి పిసికి చూస్తారు, గింజ నుంచి పింజను వేళ్లతో లాగి పొడవు అంచనా కడతారు, గింజను కొరికి పచ్చిదనం పోల్చుకుంటారు. రంగు, మచ్చ, ఆకుముక్కలు కంటికే తెలుస్తాయి. అనుభవజ్ఞుడైన ఖరీదుదారు చేతి అంచనాను తక్కువగా చూడనవసరం లేదు. ఆ అంచనాలో దేనికి ఎంత తగ్గించాడో రాతలో ఉండకపోవడమే ఇక్కడి చిక్కు.

అమ్మకం తరువాత రైతు చేతికి వచ్చే తక్‌పట్టీలో తూకం, క్వింటాలు రేటు, మొత్తం, హమాలీ, దడ్వాయి తదితర ఖర్చులు ఉంటాయి. రేటు జెండా పాట కంటే ఎనిమిది వందలు తక్కువగా ఉందనుకుందాం. అందులో తేమకు ఎంత, మచ్చకు ఎంత, సాయంత్రం లోపల అమ్ముకుని ఊరు చేరాలన్న రైతు తొందరకు ఎంత అన్నది ఆ కాగితం మీద దొరకదు. పత్రికలో మాత్రం జెండా పాట ధరే పెద్ద అక్షరాలలో వస్తుంది. ఆ అంకె చూసి మరునాడు బండి కట్టుకు వచ్చిన రైతుకు అదే ధర ఎందుకు రాలేదో వివరించే బాధ్యత ఎవరిమీదా ఉండదు.

క్రమబద్ధ మార్కెట్ల చరిత్ర చూస్తే ఈ లోటుకు కారణం కొంత అర్థమవుతుంది. మనదేశంలో తొలి క్రమబద్ధ మార్కెట్‌గా చెప్పుకునే కారంజా 1886లో హైదరాబాద్ రెసిడెన్సీ ఉత్తర్వు కింద ఏర్పడింది. అది బీరారు పత్తి మార్కెట్. 1897లో బీరారు పత్తి, ధాన్యం మార్కెట్ల చట్టం వచ్చింది. వ్యవసాయంపై రాయల్ కమిషన్ 1928లో క్రమబద్ధ మార్కెట్లను సిఫారసు చేసింది. ఆ దరిమిలా హైదరాబాద్ రాజ్యంలో 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టం, మద్రాసు రాష్ట్రంలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం అమలులోకి వచ్చాయి. దొంగ తూకాలు, ధర్మాదాయం పేరిట వసూళ్లు, రుమాలు కింద వేళ్లు పట్టుకుని సాగే రహస్య బేరాలు వంటి కంటికి కనిపించే అక్రమాలను అరికట్టడం ఇటువంటి చట్టాల ప్రధాన లక్ష్యం. తూకం నుంచి కోయడాన్ని అవి నిషేధించగలిగాయి. రేటులో కలిపి కోయడం వాటి చూపుకు అందలేదు. ఒక విధంగా, తూకంలో తరుగుకు దారి మూసుకుపోయినకొద్దీ కోత రేటులోకి తరలింది అనుకోవడానికి అవకాశం ఉంది.

3. మద్దతు ధర: మెట్ల లెక్క

యార్డు బేరానికి భిన్నంగా, భారత పత్తి సంస్థ (సి.సి.ఐ.) కొనుగోళ్లలో కోతలు ముందుగానే రాసి ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం రెండు మూల రకాలకు మద్దతు ధర ప్రకటిస్తుంది. 24.5 నుంచి 25.5 మిల్లీమీటర్ల పింజ, 4.3 నుంచి 5.1 మైక్రోనైర్ ఉన్నది మధ్యస్థ పింజ రకం. 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్ల పింజ, 3.5 నుంచి 4.3 మైక్రోనైర్ ఉన్నది పొడవు పింజ రకం. 2024-25కు వీటి ధరలు క్వింటాలుకు 7,121, 7,521 రూపాయలు. 2025-26కు 7,710, 8,110 రూపాయలు. మిగిలిన రకాలకు ఈ రెండింటినీ ఆధారం చేసుకుని, నాణ్యత భేదాలను బట్టి జౌళి కమిషనర్ కార్యాలయం ధరలు నిర్ణయిస్తుంది.

మైక్రోనైర్ అంటే పోగు సన్నదనాన్నీ పక్వతనూ కలిపి తెలిపే కొలత. నిర్ణీత బరువు గల దూది గుండా గాలి ఎంత సులభంగా పోతుందో చూసి దీనిని కొలుస్తారు. కొలత మరీ తక్కువైతే పోగు ముదరలేదని, మరీ ఎక్కువైతే మొరటుగా ఉందని అనుమానించవచ్చు. చివరి విడతలలో ఏరిన కాయలలో ముదరని పోగు పాలు పెరుగుతుంది.

తెలుగు రాష్ట్రాల పత్తిలో ప్రధాన భాగం పొడవు పింజ వర్గానికి చెందినదే. అందుచేత 2025-26లో వార్తలలో 8,110 రూపాయలే మద్దతు ధరగా ప్రచారమైంది. అది మెట్ల వరుసలో ఒక మెట్టు మాత్రమే. పింజ ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గితే రైతుకు వర్తించే మద్దతు ధర కూడా తగ్గుతుంది. తన పత్తి ఏ మెట్టు మీద ఉందో కొనుగోలు కేంద్రానికి చేరేవరకు రైతుకు తెలియదు. పరిశోధకులు కూడా ఈ మెట్లను పట్టించుకోక పై మెట్టు అంకెనే మొత్తం రాష్ట్రానికి వర్తింపజేస్తున్నారు.

4. తేమ కోత

కోతలన్నింటిలో రైతులను ఎక్కువగా కలవరపెట్టేది తేమ. సి.సి.ఐ. నిబంధన ప్రకారం పూర్తి మద్దతు ధర 8 శాతం తేమ గల పత్తికి. అంతకు మించిన ప్రతి ఒక శాతానికి ధరలో ఒక శాతం తగ్గుతుంది. 12 శాతం దాటితే కొనరు. 2025-26 పొడవు పింజ ధరకు ఈ సూత్రాన్ని అన్వయిస్తే 9 శాతం వద్ద 8,028.90, 10 శాతం వద్ద 7,947.80, 11 శాతం వద్ద 7,866.70, 12 శాతం వద్ద 7,785.60 రూపాయలు వస్తాయి.

ఈ కోత న్యాయమైనదేనా? లెక్క చూద్దాం. 8 శాతం తేమ ఉన్న వంద కిలోలలో పొడి సరుకు 92 కిలోలు, 12 శాతం ఉన్నదానిలో 88 కిలోలు. పొడి సరుకు విలువనే చెల్లించాలంటే రెండవదానికి ధరలో 88/92 వంతు, అంటే సుమారు 7,757 రూపాయలు ఇవ్వాలి. సి.సి.ఐ. సూత్రం 7,785.60 ఇస్తున్నది. తేమను మొత్తం బరువులో వంతుగా గాక, జౌళి రంగంలో వాడుకలో ఉన్న మరో పద్ధతిలో, పొడి బరువుపై శాతంగా లెక్కిస్తే 108/112 వంతు, అంటే సుమారు 7,820 రూపాయలు రావాలి. రెండు పద్ధతులకూ మధ్యన సి.సి.ఐ. అంకె నిలుస్తున్నది. కాబట్టి 8 నుంచి 12 శాతం దాకా సాగే కోత నీటి బరువుకు సరిపడే కోతే. దానిని దోపిడీ అనడం సరికాదు.

12 దాటిన చోట అసలు సమస్య మొదలవుతుంది. అంతవరకు మెల్లగా దిగిన వాలు అక్కడ ఒక్కసారిగా గట్టు తెగినట్లు పడిపోతుంది. 14 శాతం తేమ గల పత్తికి పై మొదటి పద్ధతిలోనే లెక్క కడితే 86/92 వంతు, దాదాపు 7,581 రూపాయల విలువ ఉంటుంది. ఆరబెట్టే ఖర్చు, నిల్వలో వేడెక్కి రంగు మారే ప్రమాదం తీసివేసినా ఆ విలువ పూర్తిగా పోదు. సి.సి.ఐ. తిరస్కరించిన ఆ బండి ప్రైవేటు ఖరీదుదారు వద్దకు వెళ్లక తప్పదు. అతడు, ఉదాహరణకు, 6,600 ఇస్తే తగ్గిన ధరలో నీటి బరువుకు సంబంధించినది సుమారు 530 రూపాయలు. మిగిలిన 980 రూపాయలు గడప దాటలేకపోయినందుకు రైతు చెల్లించిన మూల్యం. అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు పడితే గానీ, మంచు కురిసే తెల్లవారుజామున ఏరితే గానీ ఈ గడప ఎంత మంది రైతులకు అడ్డం పడుతుందో ఊహించవచ్చు.

ఈ గడప ఉన్నచోట కొలిచే తీరుకు ప్రాణం వస్తుంది. 9.6 శాతానికి బదులు 9.9 చూపితే రైతు పోగొట్టుకునేది పాతిక రూపాయలలోపు. 11.9కి బదులు 12.2 చూపితే పోయేది బండి మొత్తం బేరం. మీటరు సూదిని రాశి పైభాగంలో గుచ్చితే ఒక అంకె, నడుమ గుచ్చితే మరో అంకె రావడం సహజం. ఎన్నిచోట్ల గుచ్చారు, సగటు తీశారా, ఎక్కువ వచ్చినదే రాశారా అన్నవి చిన్న వివరాలుగా కనిపిస్తాయి గాని, సరిహద్దు వద్ద ఉన్న రైతుకు ఇవే నిర్ణాయకాలు.

5. పట్టిక చెప్పే కథ, జరిగిన కథ

ఇప్పుడు బాహుళక ధర వద్దకు వద్దాం. అగ్‌మార్క్‌నెట్ పట్టికలో రకానికి, శ్రేణికి గడులు ఉన్నాయి. శ్రేణి గడిలో ‘ఎఫ్.ఏ.క్యూ.’, అంటే సగటు నాణ్యత, అని తరచు కనబడుతుంది. ఆ మాట ఎంత తేమకు, ఎంత పింజకు సంకేతమో ఆ రోజు సరుకును బట్టి చెప్పే వీలు లేదు. 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన ఈ-నామ్ వ్యవస్థలో వేలానికి ముందే రాశిని పరీక్షించి గుణాలను నమోదు చేసే ఏర్పాటు ఉంది. ఐనప్పటికీ ప్రజలకు అందే దినసరి పట్టికలో మళ్లీ అవే మూడు అంకెలు.

దీని పర్యవసానాన్ని ఒక కల్పిత ఉదాహరణతో చూపుతాను. నవంబరులో ఒక రోజు యార్డుకు వచ్చిన పత్తిలో 60 శాతం మేలైనది, క్వింటాలు 7,400కు పోయింది; 40 శాతం నాసిది, 6,900కు పోయింది. ఫిబ్రవరిలో మరొక రోజు మేలైనది 7,500, నాసిది 7,000 పలికాయి. రెండు తరగతులలోనూ ధర వంద రూపాయలు పెరిగింది. అయితే చివరి ఏరివేతల సరుకు కావడంతో మేలైనది 30 శాతమే, నాసిది 70 శాతం. సగటు ధర మొదటి రోజు 7,200, రెండవ రోజు 7,150: యాభై రూపాయల తగ్గుదల. బాహుళక ధర ఇంకా విపరీతం. మొదటి రోజు 7,400, రెండవ రోజు 7,000: నాలుగు వందల పతనం! ఏ తరగతి పత్తికీ ధర తగ్గని కాలాన్ని పట్టిక ధరల పతనంగా నమోదు చేసింది. దీనిమీద కాలశ్రేణి విశ్లేషణ చేసి, ఫిబ్రవరిలో వ్యాపారులు కుమ్మక్కయ్యారని తేల్చితే ఆ నిర్ధారణ విలువ ఎంత?

దీనికి ఎదురుదిశలో జరిగే పొరపాటు కూడా తక్కువది కాదు. సి.సి.ఐ. కొనుగోళ్లు జోరుగా సాగే వారాలలో ఆరిన, మేలైన పత్తి కొనుగోలు కేంద్రాలకు పోతుంది. యార్డుకు మిగిలేది తేమ పత్తి, మచ్చ పత్తి, నగదు వెంటనే కావలసిన రైతు పత్తి. అప్పుడు యార్డు బాహుళకం మద్దతు ధర కంటే చాలా కింద ఉంటుంది. అది సరుకు వడపోత ఫలితమని ఒకరు కొట్టిపారేయవచ్చు, అణచివేత ఫలితమని మరొకరు ఆరోపించవచ్చు. రెండు వాదాలకూ పట్టిక సమానంగా సాక్ష్యం పలుకుతుంది. అంటే దేనికీ సాక్ష్యం కాదన్నమాట. నష్టపోయానని నిరూపించవలసిన భారం రైతు మీదే ఉన్నంతకాలం ఈ అస్పష్టత ఖరీదుదారుకే అనుకూలిస్తుందని నా అభిప్రాయం.

6. గింజ వెనుక దూది

మిల్లు యజమాని నిజానికి కొనేది దూదినీ గింజనూ. వంద కిలోల పత్తిలో దూది సుమారు 33 కిలోలు, గింజ 64 కిలోలు, మిగిలినది వృథా అనుకుందాం. దూది క్యాండీ (355.62 కిలోలు) ధర 54,000, గింజ కిలో 35 రూపాయలుగా తీసుకుంటే దూది విలువ 5,011, గింజ విలువ 2,240, మొత్తం 7,251 రూపాయలు. ఇందులోంచి జిన్నింగ్ ఖర్చు, లాభం తీసి మిల్లు తన కొనుగోలు ధరను లెక్కగడుతుంది. ఇప్పుడు దూది దిగుబడి 33 నుంచి 34 కిలోలకు పెరిగితే ఆ పత్తి విలువ క్వింటాలుకు 117 రూపాయలు పెరుగుతుంది. తేమ ఒక శాతం మారినదానికంటే ఇది ఎక్కువ. అయినా రైతుకు ప్రకటించే ధరలో గాని, యార్డు పట్టికలో గాని ఈ గుణానికి చోటు లేదు. మంచి దిగుబడి ఇచ్చే రకం వేసిన రైతుకు ఆ లాభం చేరిందో లేదో తెలుసుకునే మార్గమే లేదు.

అదే దూది బేలు కట్టి మిల్లు గేటు దాటగానే మాటలు నేర్చినట్లవుతుంది. ముంబయిలోని కాటన్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా రోజువారీ ప్రకటించే దూది ధరలలో పండిన ప్రాంతం, శ్రేణి, పింజ మిల్లీమీటర్లు, మైక్రోనైర్, చెత్త శాతం, పోగు బలం – ప్రతి ధర పక్కన ఇవన్నీ ఉంటాయి. రైతు చేతిలో ఉన్నంతసేపు ఒకే మాటతో సరిపెట్టిన నాణ్యతకు అతని చేయి దాటాక ఆరు కొలతలు పుట్టుకొస్తున్నాయి.

నాణ్యతా భేదాలను ధరతోపాటు ప్రకటించే పద్ధతికి అమెరికా వ్యవసాయ శాఖ నివేదికలు పేరొందినవి. అక్కడ ఏడు నిర్దేశిత మార్కెట్లకు ప్రతిదినం ఒక మూల నాణ్యత ధర ప్రకటిస్తారు. మూల పింజ అంగుళంలో 34/32 వంతు, సుమారు 27 మిల్లీమీటర్లు. దానినుంచి రంగు, ఆకుముక్క, పింజ, మైక్రోనైర్, బలం మారితే ఎంత కలపాలో ఎంత తీయాలో పాయింట్లలో పట్టికగా ఇస్తారు. పాయింటు అంటే పౌనుకు సెంటులో నూరవ వంతు. ఆ పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తేవాలనడం తొందరపాటు. అక్కడి రైతు జిన్నింగ్ చేయించిన బేలును అమ్ముతాడు. బేలు బేలుకూ యంత్ర పరీక్ష ఫలితం ఉంటుంది. మన రైతు గింజతో కూడిన పత్తిని, అదీ రెండు మూడు ఊళ్ల సరుకు ఒకే మిల్లు కుప్పలో కలిసిపోయే తీరులో అమ్ముతాడు. గ్రహించదగినది ఒకటే: మూల నాణ్యత ఏదో చెప్పకుండా ధర చెప్పకపోవడం.

7. క్షేత్ర పరిశోధనకు కొన్ని సూచనలు

పోర్టల్ దత్తాంశంతోనే పనిచేయక తప్పని పరిశోధకులు నెలల మధ్య పోలికకు బదులు ఒకే రోజున వేర్వేరు మార్కెట్ల మధ్య గరిష్ఠ ధరల పోలికకు ప్రాధాన్యమివ్వడం కొంత మేలు. గరిష్ఠ ధర దాదాపుగా మేలైన పత్తిదే గనుక సరుకు మిశ్రమం మార్పు దానిని తక్కువగా కలుషితం చేస్తుంది. గరిష్ఠ, కనిష్ఠాల మధ్య దూరాన్ని కూడా వదిలిపెట్టకూడదు. నాణ్యత కోతల పరిధికి పట్టికలో మిగిలిన ఏకైక ఆనవాలు అదే.

అంతకంటే ప్రయోజనకరమైనది తక్‌పట్టీల సేకరణ. ఒక యార్డులో ఒక సీజన్ మొత్తం, వారానికి కొన్ని రాశుల చొప్పున, వేలానికి ముందే తేమ కొలిచి, ఎన్నో విడత ఏరినదో, విత్తన రకమేదో, మచ్చ ఉందో లేదో రాసుకుని, ఆ రాశి తక్‌పట్టీలోని రేటును దానికి జతచేయవచ్చు. ఆ రోజు జెండా పాట నుంచి ఆ రేటు ఎంత తగ్గిందో దానిని ఈ గుణాలపై ప్రతిగమన విశ్లేషణకు గురిచేస్తే ఒక్కొక్క గుణానికి ఖరీదుదారు విధించే కోత అంచనాకు వస్తుంది. తేమకు వచ్చిన అంకెను నాలుగవ భాగంలోని 88/92 లెక్కతో పోల్చవచ్చు. గుణాలన్నీ లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా మిగిలే తేడా రైతు కమతం పరిమాణంతో, అడ్తిదారు వద్ద అతనికున్న బాకీతో, యార్డుకు ఎంత దూరం నుంచి వచ్చాడన్నదానితో మారుతున్నదా అని పరీక్షించవచ్చు. సెలవులలో మార్కెట్ పరిధి గ్రామాలకు వెళ్లే కామర్స్, అర్థశాస్త్ర విద్యార్థుల చేత కూడా ఈ సేకరణ చేయించవచ్చు. తేమ మీటరు వాడకం ఒక పూటలో పట్టుబడుతుంది.

మార్కెట్ కమిటీల వైపు నుంచి కావలసినది తక్‌పట్టీలో ఒక గడి. కొనుగోలు కేంద్రంలో తేమ ఎలాగూ కొలుస్తున్నారు. ఆ అంకె తిరస్కరించిన బండికి కూడా రాతపూర్వకంగా చేతికి రావాలి. ప్రస్తుతం కొనుగోలైన పత్తి తేమ మాత్రమే రికార్డులలో మిగులుతుంది. 12.3 వద్ద వెనక్కి మళ్లిన బండ్లు ఎన్ని, 15 వద్ద మళ్లినవి ఎన్ని అన్న పంపిణీ తెలిస్తేనే గడపను 12 వద్ద ఉంచాలా, ఆరబోత సౌకర్యాలు కల్పించి తగిన కోతతో మరో రెండు మెట్లు పొడిగించాలా అనే ప్రశ్నను అంకెలతో చర్చించడం సాధ్యమవుతుంది.